కరీం చెప్పకముందే అచ్చయిన జవాబు

కమిటీ అధ్యక్షులు ఆనాటి పత్రికను నాలుగు మడతలు పెట్టి, ఒక వార్త మాత్రం పైకి కనబడేటట్లు బల్ల మీద ఉంచుకున్నారు. ఆయన ఉద్యోగం విరమించిన జడ్జి. ఎదురుగా మోత్కూరు నుంచి వచ్చిన అబ్దుల్ కరీం నిలబడి ఉన్నాడు. అర్థశాస్త్రం చదవడానికి ఇంగ్లండు పంపే సర్కారు వజీఫాకు, అంటే విద్యార్థి వేతనానికి, ఆ ఏడాది చివరిదాకా నిలిచిన ముగ్గురిలో అతనొకడు. ఏ విశ్వవిద్యాలయానికి వెళ్లదలిచావని అడిగారు. కరీం లండన్ నగరంలోని ఒక విద్యాలయం పేరు చెప్పాడు.

జడ్జి గారు పత్రికను అతని వైపు తిప్పారు. మోత్కూరు వాసి అబ్దుల్ కరీం నిన్న వజీఫా కమిటీ ముందు హాజరయ్యాడనీ, ఇంగ్లండులోకెల్లా పురాతనమైన విశ్వవిద్యాలయాల్లో ఒకదాన్ని ఎంచుకున్నాడనీ, కమిటీ సభ్యులు హర్షం వెలిబుచ్చారనీ అందులో ఉంది. పైన ‘నల్లగొండ విలేకరి నుంచి’ అని ఉంది. ఆ విలేకరిని నేనే.

నేను బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. జవాను వచ్చి లోపలికి రమ్మన్నాడు. జడ్జి గారు నన్ను ఎగాదిగా చూసి, “మేం హర్షం వెలిబుచ్చామని రాశారు. మేమింకా వెలిబుచ్చలేదు” అన్నారు. ఇద్దరు సభ్యులు నవ్వారు. ఆయన నవ్వలేదు. తర్వాత ఒకే ప్రశ్న అడిగారు. “ఈ సంగతి మీకు ఈ అబ్బాయి చెప్పాడా?”

లేదు అనే చిన్న మాటతో అయిపోయేది. నేను, “జిల్లాలో అందరూ అదే అనుకుంటున్నారు హుజూర్” అన్నాను.

ఆయన దాన్ని సగం అవును కింద తీసుకున్నారు. అభ్యర్థి జిల్లాలో ఒక మాట, కమిటీ ముందు ఒక మాట చెబుతున్నాడా అన్నది తేలాలనీ, తహసీలుదారును అడిగి తెలుసుకోవాలనీ, వారం తర్వాత మళ్లీ కూర్చుందామనీ రాయించారు. అనుమానంతో వాయిదా పడ్డ పేరు మళ్లీ పైకి రావడం ఆ కమిటీలో అరుదని జవానుకు కూడా తెలుసు. కరీం తలుపు దాటుతుంటే వాడు జాలిగా చూశాడు.

ముప్పై ఏళ్లకు పైగా పత్రికల్లో పనిచేశాను. ఎంతమంది మంత్రులను కలిశానో, ఏ ఏడాది జీతం పెరిగిందో రాయడం వల్ల కొత్తగా ఈ పనిలోకి వచ్చే వాళ్లకు ఒరిగేదేమీ లేదు. ఈ ఒక్క సంగతి మాత్రం పూర్తిగా చెప్పాలనిపించింది.

ముందు కాగితం

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు జిల్లా విలేకరి అంటే ఒక సైకిలు, ఒక సంచి, ఒక ఉర్దూ దినపత్రిక రాసిచ్చిన గుర్తింపు చీటీ. నా పరిధి మేళ్లచెరువు నుంచి జిల్లా దాటి కోస్గి దాకా. మ్యాపు మీద వేలుపెట్టి చూపిస్తే బాగానే ఉండేది. ఆ దూరం సైకిలు తొక్కిన కాళ్లకే తెలుసు. నేను రాసిన కాగితం బస్సులో హైదరాబాదు చేరి, చదవబడి, అచ్చయ్యేసరికి మూడు రోజులు. మూడు రోజుల వార్తను ఎవరు చదువుతారు? అందుకని మేమంతా ఒక పద్ధతి పెట్టుకున్నాం. జరగబోయేదాన్ని జరిగిపోయినట్లు ముందే రాసి పంపేవాళ్లం. అది జరగవలసిన రోజుకు సరిగ్గా మరునాడు అచ్చులో వచ్చేది. దాన్ని ‘ముందు కాగితం’ అనేవాళ్లం. సంపాదకులకు ఈ సంగతి తెలియదని మేం అనుకునేవాళ్లం.

మొదట్లోనే దీనికి నాకొక దెబ్బ తగిలి ఉండవలసింది. కోస్గిలో ఒక పెద్ద అధికారి మంచినీళ్ల బావిని ప్రారంభించారనీ, మొదటి చేద తానే తోడారనీ రాశాను. ఆయన మోటారు దారిలోనే ఆగిపోయింది, ఆయన రానేలేదు. పత్రిక వచ్చాక నేను కోస్గి వెళ్తే, బావి దగ్గర ఒక ముసలమ్మ నా సంచి చూసి గుర్తుపట్టి, “ఏం పంతులూ, సాబు తోడిన నీళ్లు తియ్యగున్నయట గద, నాకింత పొయ్యరాదూ” అంది. అంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఎవరికీ నష్టం కాలేదు. అందువల్ల నేర్చుకోవలసింది నేర్చుకోకుండా, ఈ పద్ధతిలో ప్రమాదం లేదనే తప్పుడు పాఠం నేర్చుకున్నాను. ఈ వృత్తిలో దెబ్బ తగలని తప్పు వల్ల జరిగే హాని ఇదే.

మోత్కూరు అంగడి

కరీం తండ్రి ఇమాం సాహెబ్ మోత్కూరు అంగడిలో కొలతగాడు. రైతులు తెచ్చిన ఆముదాలు, జొన్నలు, కందులు కుంచంతో కొలిచి షావుకారి సంచుల్లో పోయడం ఆయన పని. అమ్మేవాడూ కొనేవాడూ ఇద్దరూ ఆయన చేతిని నమ్మాలి. ఇంట్లో ఉర్దూ, అంగడిలో తెలుగు. కొలతలో మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా ‘లాభం’ అనడం మన వాడుక. ఆయన “లాభం... లాభం... రెండు... రెండు” అని రాగం తీస్తూ కొలుస్తుంటే అంగడి ఆ చివరికి వినిపించేది.

చిన్నప్పుడు కరీం పక్కన కూర్చుని లెక్క చెప్పేవాడట. ఒకరోజు అడిగాడట, “లాభమంటవు గద బాపూ, ఎవరి లాభం?” అని.

ఇమాం సాహెబ్ నాకు ఈ మాట చెప్పి, “కొలిచెటోనిది గాదు బిడ్డా, నాకు గదొక్కటే ఎర్క అన్న. అప్పటిసంది వాడు నన్నిడిసిపెట్టి కితాబులను అడుగుడు షురూ జేసిండు” అన్నాడు.

ఆ అడగడం నల్లగొండ బడి మీదుగా హైదరాబాదు చేరింది. అక్కడి విశ్వవిద్యాలయంలో అన్నీ ఉర్దూలోనే చెప్పేవారు. అర్థశాస్త్రంలోని ప్రతి ఇంగ్లీషు మాటకూ అరబ్బీ, ఫారసీల నుంచి కొత్త మాట తయారుచేసి పెట్టిన కాలం అది. కరీం వాటన్నిటినీ నేర్చి, మొదటి తరగతిలో నెగ్గాడు. తర్వాత వజీఫాకు దరఖాస్తు పెట్టి, ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఉందామని మోత్కూరు వచ్చాడు.

నేను అతన్ని మొదట చూసింది అక్కడి అంగడిలోనే. తండ్రి కొలుస్తున్న చోటుకు కాస్త దూరంగా, ఆముదాల బస్తా మీద కూర్చుని అచ్చు కాగితాలు చదువుతున్నాడు. మధ్యలో లేచి ఒక బండివాణ్ని ఏదో అడిగి వచ్చి మళ్లీ చదువుతున్నాడు. అవేమిటని అడిగితే పాత ప్రశ్నపత్రాలన్నాడు. ఇంగ్లండులో అర్థశాస్త్రానికి పేరున్న రెండు చోట్లకూ ఉత్తరాలు రాసి, గత పరీక్షల పత్రాలు తెప్పించుకున్నాడు. ఒకటి నది ఒడ్డున ఉన్న పురాతన విశ్వవిద్యాలయం, మన దగ్గర నవాబుల కొడుకులు వెళ్లేది. రెండోది లండన్‌లో కొత్తగా పేరు తెచ్చుకుంటున్నది. రెండింటి అసలు పేర్లూ రాయను. అవి వినగానే చదివేవాళ్లు ఇప్పటికీ ఒక పక్షం పట్టేస్తారు.

మిగతా అభ్యర్థులు ఎలా ఎంచుకునేవారో నాకు తెలుసు. ఎవరి మేనమామ ఎక్కడ చదివాడు, ఏ పేరు చెబితే దర్బారులో కుర్చీ దొరుకుతుంది, ఇవీ లెక్కలు. కరీం మాత్రం ప్రతి అంగడి రోజూ ఒక ప్రశ్న తీసుకుని, ఆ బస్తా మీద కూర్చుని, అక్కడ కనబడేదాన్ని బట్టి జవాబు రాయగలనా అని చూసుకునేవాడు. రాయగలిగినవి ఒక నోటుబుక్కులో, రాయలేనివి మరోదాంట్లో. షావుకార్లు అతన్ని చూసి, “ఇమాం సాబ్, నీ కొడుకు మమ్ములను గూడ కొలుస్తున్నడు, జర సూడు” అని నవ్వేవారు.

నేనూ ఆ ముచ్చటను విన్నాను, నవ్వాను. రెంటిలో ఏది ఎంచుకుంటున్నావని అతన్ని అడగలేదు. ఆ రోజు నాకు కావలసింది ఆముదాల ధర మాత్రమే.

చాయ్ విందులో విన్న మాట

చివరి ముగ్గురిలో కరీం పేరుందని తెలిశాక తహసీలుదారు కచేరీలో చాయ్ విందు ఇచ్చాడు. మంచివాడే. తన తాలూకా కుర్రవాడు ఇంగ్లండు వెళ్తున్నాడని సంబరపడ్డాడు. లేచి నిలబడి, మన కరీం రాజకుమారుల పక్కన కూర్చుని చదవబోతున్నాడని చెప్పి ఆ పురాతన విశ్వవిద్యాలయం పేరు పలికాడు. అంతా చప్పట్లు కొట్టారు. కరీం వెనక వరుసలో తల వంచుకుని ఉన్నాడు. నేను దాన్ని వినయం అనుకున్నాను. పెద్దవాడు నలుగురిలో అన్న మాటను కాదంటే ఆయన్ని అవమానించినట్లవుతుందని ఊరుకున్నాడని తర్వాత తెలిసింది.

అతను నాకు పది అడుగుల దూరంలో ఉన్నాడు. లేచి వెళ్లి అడగవచ్చు. కాని నా చేతిలో చాయ్ కప్పు ఉంది, ఉస్మానియా బిస్కెట్టు ఉంది, వార్త కూడా ఉంది. ఇంటికి వచ్చి ముందు కాగితం రాసి బస్సులో పంపేశాను.

కమిటీ అనుకున్న రోజున కూర్చోలేదనీ, మర్నాడు కూర్చుంటుందనీ, వేరే పని మీద ఆ సాయంత్రం హైదరాబాదులో దిగాకనే తెలిసింది. పత్రికాఫీసు నేను దిగిన సరాయికి రెండు వీధుల అవతల. వెళ్లి ఆపమంటే ఆగిపోయేది. బస్సు దుమ్ము ఒళ్లంతా ఉంది, కాళ్లు లాగుతున్నాయి. రేపు చూద్దాంలే, వాళ్లే ఆపుతారులే అనుకున్నాను. ఇంతకంటే పెద్ద కారణం చెప్పాలని చాలా ఏళ్లు వెతికాను. లేదు.

బస్సులో, మోత్కూరులో

కమిటీ గది నుంచి బయటికి వచ్చాక కరీం నన్ను తిట్టలేదు. ఇద్దరం నడిచి బస్సుల అడ్డా చేరాం. ఒకే సీటులో కూర్చున్నాం. ఊరు దాటాక మెల్లగా, “నన్నొకమాట అడిగితే ఏం పోతుండె పంతులుగారూ” అన్నాడు. అంతే. మళ్లీ కిటికీ బయటికి చూశాడు.

అప్పుడు నేను చేసింది అసలు తప్పు కంటే హీనమైంది. అతనికి సలహా చెప్పాను. వచ్చే వారం ఆ పాతదాని పేరే చెప్పెయ్, తహసీలుదారు మాట నిలుస్తుంది, కమిటీ అనుమానం పోతుంది, వజీఫా వస్తుంది, అదేమీ తక్కువది కాదు కదా అన్నాను. నా వార్త కూడా నిలుస్తుందని అనలేదు గాని, లోపల అదే ఉంది. కరీం నా వైపు తిరిగాడు.

“తక్కువదని నేనన్ననా? దాని ప్రశ్నపత్రాలల్ల సబాలు సూస్తే నాకే సంబురమైతది. గంత సక్కగ అడిగెటోళ్లు ఇంకెక్కడ లేరు.”

“మరి?”

“ఇంట్ల బాపును అడిగి చెప్త” అన్నాడు. ఇరవై రెండేళ్ల కుర్రవాడు. వజీఫా పోతే మళ్లీ దరఖాస్తు పెట్టడానికి వయసు దాటిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కమిటీ పంపిన టెలిగ్రాం తహసీలుదారుకు మాకంటే ముందే అందింది; మోత్కూరులో మేం దిగేసరికే ఆయన మనిషి వచ్చి వెళ్లాడు. కుర్రవాడు మొదట పాతదాని పేరే అన్నాడనీ, మధ్యలో ఎవరో మనసు విరిచారనీ కమిటీకి రాసేస్తాం, వాడు మళ్లీ ఆ పేరు చెబితే చాలునని ఇమాం సాహెబ్‌తో చెప్పి పోయాడు. ఆ తాలూకాలో ఒక కొలతగాడు తహసీలుదారు మాట కాదంటే, మరుసటి అంగడికి కుంచం ఇంకొకరి చేతిలో ఉండవచ్చు.

ఇమాం సాహెబ్ గడపలో కూర్చుని ఉన్నాడు. నేను జరిగిందంతా చెప్పాను. తప్పు నాదేనని మొదటిసారి పైకి అన్నాను. ఆయన నా మీద కోపపడితే తేలికయ్యేది. కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు.

“నువ్వు రెండు సూసినవా?”

“సూసిన బాపూ.”

“సూసే చెప్పినవా?”

“సూసే చెప్పిన.”

“మరి నన్నేందిరా అడుగుడు? నేను సూడలేదు గద. సూడనోడు ఎట్ల మార్పిస్తడు?” అని లేచి లోపలికి వెళ్తూ నా వైపు తిరిగి, “అఖ్బార్ పంతులూ, మీరు గూడ సూడకుంటనే కొలిసిండ్రు. రైతు ముందట నేను గట్ల కొలిస్తె తన్నులు పడ్తయ్. అన్నం తిని పోండ్రి” అన్నాడు.

తిన్నాను. ఆ ఇంట్లో ఆ పూట తిన్న జొన్నరొట్టె, పుంటికూర రుచి నాకింకా గుర్తుంది. అంత మర్యాదగా నన్నెవరూ తిట్టలేదు.

మా సంపాదకులు

మర్నాడు తిరిగి హైదరాబాదు వెళ్లాను. మా సంపాదకులు పెద్దగా మాట్లాడని మనిషి. ఆయన దగ్గర నేను నేర్చుకున్నదంతా ఆయన కొట్టేసిన వాక్యాల నుంచే. జరిగింది చెప్పి, సవరణ వెయ్యమన్నాను. ముందు కాగితం సంగతి ఆయనకు మొదటినుంచీ తెలుసని ఆరోజు తెలిసింది. “ఎవరో ఒకరు పడేదాకా ఊరుకున్నాను. తప్పు నాది కూడా” అన్నారు. కాగితం నా ముందుకు తోసి, రాసినవాడే దిద్దాలన్నారు.

నేను ‘సమాచార లోపం వల్ల’ అని మొదలుపెట్టాను. ఆయన కొట్టేశారు. ‘పొరపాటున ప్రచురితమైన’ అన్నాను. అదీ కొట్టేశారు. చివరకు ఆయనే రాయించారు. మా నల్లగొండ విలేకరి అభ్యర్థిని అడగకుండానే ఆ వార్త రాశాడు, కమిటీ సమావేశం జరగకముందే జరిగినట్లు రాశాడు, అభ్యర్థి ఆ మాట ఎక్కడా అనలేదు. కొంచెం మెత్తగా రాయరాదా అని బతిమాలాను. ఆయన నెమ్మదిగా మళ్లీ చదివి వినిపించి, “ఇందులో ఏ మాట అబద్ధం?” అని అడిగారు. వార్త ఏ పుటలో, ఎంత పెద్ద అక్షరాల్లో వచ్చిందో సవరణనూ అక్కడే, అంత పెద్ద అక్షరాల్లోనే వేశారు. ఆ రోజుల్లో ఏ పత్రికా అలా చేసేది కాదు. మిగతా పత్రికల వాళ్లు వారం పాటు మమ్మల్ని ఎగతాళి చేశారు. ఒక్క నెల చందాదారులు తగ్గారేమో కూడా. ఆయన పట్టించుకోలేదు.

జిల్లాల్లో ముందు కాగితాలు ఆ వారంతో ఆగిపోయాయి. మూడు రోజుల పాత వార్తలే వేశాం. చదివేవాళ్లు చదివారు.

రెండో సమావేశం

వారం తర్వాత నేను పిలవకుండానే వెళ్లి వరండాలో కూర్చున్నాను. సవరణ పడ్డ పత్రికను లోపలికి పంపి, ఒక మాట చెప్పుకోవడానికి అనుమతి అడిగాను. పిలిచారు. పోయినసారి అడిగిన ప్రశ్నకు జవాబు ‘లేదు’ అని చెప్పాను.

జడ్జి గారు, “పోయిన వారం మీరు అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. నేను కోర్టులో ఎక్కువగా చూసింది అలాంటి సాక్షులనే” అన్నారు. కూర్చోమనలేదు, వెళ్లమనీ అనలేదు. నేను గోడ పక్కన నిలబడిపోయాను. అందువల్లనే ఆ తర్వాతి మాటలు నా చెవులతో విన్నాను.

తహసీలుదారు నివేదిక కూడా వచ్చింది. ఆ పురాతన విశ్వవిద్యాలయం పేరు విందులో తానే అన్నానని ఆయన అందులో రాశాడు. సవరణ చదివి మనసు మార్చుకున్నాడో, ఇమాం సాహెబ్ ఏమైనా చెప్పాడో నాకు తెలియదు. ఏదైనా, ఒక హోదాలో ఉన్నవాడు అలా రాయడం చిన్న విషయం కాదు.

అనుమానం పోయి, కరీంను లోపలికి పిలిచారు. కాని ఒక సభ్యుడికి అసలు ఎంపికే నచ్చలేదు. గొప్పదాన్ని వదిలి కొత్తదానికి పోవడమేమిటి, అక్కడి పరీక్ష తేలికనా అని అడిగాడు. మాటలు ఉర్దూలో జరిగాయి. కరీం తర్వాత తండ్రికి చెప్పినప్పుడు వాడిన తెలుగులోనే రాస్తున్నాను.

“తేల్క గాదు సాబ్. పాతదాని సబాలకు జవాబు నేను రాయగల్గిన. అన్నింటికి గాదు, శానవాటికి. కితాబులల్ల ఉన్నది మంచిగ సమజైతే వస్తది. లండన్‌ది మాత్రం అంగట్ల కూసోని పది వారాలు సూసిన, రాలే.”

ఎందుకు రాలేదో చెప్పమన్నారు. అతను ఒక్కదాన్ని గురించి చెప్పాడు. ఒకే సరుకు దగ్గర దగ్గరి రెండు అంగళ్లలో రెండు ధరలు పలికితే కారణం ఎలా కనుక్కోవాలి అనే తరహా ప్రశ్న అది. ఆముదాల ధర మోత్కూరులో ఒకటి, రైలున్న భువనగిరిలో ఒకటి. బండి కిరాయి అడిగాడు, తీసేశాడు. దారిలో కట్టే పన్ను తీసేశాడు. ఎండితే తగ్గే బరువు తీసేశాడు. ఇంకా కొంత మిగిలింది.

“ఆ మిగిలింది ఎవరి చేతులకు పోతున్నదో తెల్వలే. ఎట్ల అడిగితే తెలుస్తదో గూడ తెల్వలే. నాకు వచ్చింది నేర్పెటోళ్ల కాడికి సర్కారు పైసల మీద పోవుడెందుకు? రానిది నేర్పెటోళ్ల కాడికి పోత.”

అభ్యంతరం చెప్పిన సభ్యుడే ముందుగా, “ఇంత ఆలోచించి నేను అత్తరు కూడా కొనలేదు” అన్నాడు. జడ్జి గారు ఈసారి నవ్వారు. వజీఫా కరీంకు వచ్చింది, లండన్‌కే వచ్చింది.

నాకు తెలిసిన ఎందరో గొప్పవాళ్లు కుర్చీ కోసం మాట మార్చడం తర్వాతి కాలంలో చూశాను. ఒక మాట మారిస్తే అన్నీ దక్కే చోట నిలబడి మార్చని వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టగలను. వాళ్లలో మొదటివాడు ఈ కొలతగాడి కొడుకు. రెండోవాడు ఆ కొలతగాడే.

వార్త నిజమైన తీరు

కరీం ఓడ ఎక్కిన మరుసటి ఏడే యుద్ధం మొదలైంది. లండన్ మీద బాంబులు పడతాయన్న భయంతో అతని విద్యాలయాన్ని మొత్తంగా, పంతుళ్లతో సహా, ఊరు దాటించారు. ఎక్కడికో తెలుసా? అతను కాదన్న ఆ పురాతన విశ్వవిద్యాలయం ఉన్న ఊరికే. కరీం అక్కడే గది తీసుకుని, ఆ నది పక్కనే నడిచి, రెండు చోట్ల పంతుళ్ల పాఠాలూ విన్నాడు.

ఈ సంగతి ఉత్తరంలో వచ్చాక ఇమాం సాహెబ్ అంగడిలో నన్ను ఆపాడు. కుంచం పక్కన పెట్టి పది మంది వినేటట్లు, “అఖ్బార్ పంతులూ, మీ కాగితం అబద్ధం రాయలే. జర తొందరపడ్డది, అంతే” అన్నాడు. అంగడంతా నవ్వింది. నా పరువు ఆయన అలా తిరిగి ఇచ్చాడు. ఆయన మనసు అలాంటిది.

ఆ మాట తీసుకుని ఊరుకోవాలని ఉండేది. కాని కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు చెప్పవలసింది వేరు. తర్వాత నిజమైనంత మాత్రాన ఆనాటి నా వార్త నిజం కాదు. ఆ ఉదయం అచ్చయినప్పుడు అది ఒక మనిషి అనని మాట. అతను వజీఫా పోగొట్టుకుని మోత్కూరులోనే ఉండిపోయి ఉంటే, యుద్ధం వచ్చినా ఆ వార్త నిజమయ్యేది కాదు. మీరు రాసేది ఎవరి గురించో, వాళ్లు పది అడుగుల దూరంలో ఉంటే లేచి వెళ్లి అడగండి. వంద మైళ్లయినా వెళ్లండి. వెళ్లలేకపోతే రాయకండి. ఇంతకుమించి నేను నేర్చుకున్న నీతి లేదు.

కరీం యుద్ధం ముగిశాక తిరిగి వచ్చి హైదరాబాదులో అర్థశాస్త్రం చెప్పాడు. మంచి పంతులు. పిల్లలను తరగతి గదిలో కంటే గంజ్‌లో, అంటే ధాన్యపు మార్కెట్టులో, ఎక్కువసేపు నిలబెట్టేవాడని ఫిర్యాదులు వచ్చేవి. రెండు చోట్లా చదివినవాడు అతనొక్కడే కాబట్టి, ఇకముందు అర్థశాస్త్రానికి వెళ్లే పిల్లలకు ఏది సరైందో రాసివ్వమని వజీఫా కమిటీ అతన్ని కోరింది. అప్పటికి నల్లగొండ పల్లెలు అట్టుడుకుతున్నాయి. నేను చాలా రోజులు జిల్లాలో తిరగలేకపోయాను. ఆ కల్లోలంలోనే, నలభై ఎనిమిది వేసవిలో, కరీం ఒక్క పుట రాసి కమిటీ కచేరీలో ఇచ్చాడు.

సెప్టెంబరులో రాజ్యం మారింది. కమిటీ రద్దయింది, కచేరీ ఖాళీ చేశారు, కాగితాలను కట్టలు కట్టి తరలించారు. ఏం రాశావని కరీంను చాలాసార్లు అడిగాను. “మీకు చెప్తె అచ్చేస్తరు పంతులుగారూ” అని నవ్వేవాడు. పదవీ విరమణ తర్వాత నేను రెండుసార్లు రికార్డు గదికి వెళ్లి వెతికాను. ఆ ఏటి వజీఫా కాగితాల పట్టీలో ‘ఒక పుట, అబ్దుల్ కరీం’ అని నమోదై ఉంది. ఆ పుట మాత్రం ఏ కట్టలో ఉందో ఇప్పటిదాకా తేలలేదు.